పసుపు, కర్క్యుమిన్, మొక్కల మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మకాగ్నసీ చదివానని తెలిస్తే చాలు, పెళ్లి బంతిలో పక్క విస్తరి దగ్గర కూర్చున్నవాళ్లు కూడా అడిగేస్తారు: "పసుపు మాత్రలు వేసుకోవచ్చా?" అని. ఆకు, వేరు, బెరడు, గింజల్లో ఉండే పదార్థాలు ఒంట్లో ఏం చేస్తాయో చూడటమే మా చదువు. ఇన్నేళ్లలో విన్న ప్రశ్నలను ఒకచోట పెట్టి, తెలిసినంతవరకు జవాబులు రాశాను. ఎక్కువ భాగం పసుపు మీదే ఉంటుంది. అది ప్రతి ఇంటి పోపుల పెట్టెలో ఉన్న సరుకు. పైగా ఈ రంగంలో జరిగే మంచీ చెడూ అన్నీ దాని కథలోనే దొరుకుతాయి.

బయోయాక్టివ్ పదార్థం అంటే ఏమిటి?

మొక్కలో పిండి పదార్థం, మాంసకృత్తులు, కొవ్వు కాకుండా కొద్ది మోతాదులో ఉంటూ, ఒంట్లోకి వెళ్లాక ఏదో ఒక మార్పు తెచ్చే రసాయనం. కాఫీలో కెఫీన్, మిరపలో క్యాప్సైసిన్, మిరియంలో పైపెరిన్, వేపగింజలో అజాడిరాక్టిన్, పసుపులో కర్క్యుమిన్ ఇలాంటివే. మార్పు తెస్తుంది అన్నాను, మేలు చేస్తుంది అనలేదు. గన్నేరు పప్పులో ఉండి గుండె లయను దెబ్బతీసేవి కూడా బయోయాక్టివ్ పదార్థాలే.

మొక్క వీటిని ఎందుకు తయారుచేసుకుంటుంది?

మన కోసమైతే కాదు. పురుగు, బూజు, మేక, పక్క మొక్క, వీటన్నిటితో వేగడానికి. మొక్క పారిపోలేదు కదా, ఉన్నచోటే ఉండి రసాయనంతో పోరాడుతుంది. అజాడిరాక్టిన్ తగిలిన ఆకును పురుగు తినడం మానేస్తుంది. మిరపకాయ మంట మనకు, ఎలుకకు తెలుస్తుంది, పిట్టకు తెలియదు. గింజను దూరం మోసుకెళ్లేది పిట్టే కాబట్టి మిరపకు ఆ ఏర్పాటు బాగా పనికొచ్చింది.

వంట పసుపులో కర్క్యుమిన్ ఎంత ఉంటుంది?

ఎండు పసుపులో మామూలుగా 2 నుంచి 5 శాతం మధ్య. రకాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది. మేఘాలయలో పండే లకడాంగ్ పసుపులో 6, 7 శాతం దాకా, కొన్నిసార్లు ఇంకా పైన ఉంటుంది. దుగ్గిరాల యార్డులో కొమ్ములా కాయలా అని, నిజామాబాద్ యార్డులో కాడా గోళా అని చూసి ధర కడతారు. మందుల కంపెనీల కోసం కొనేవాళ్లు కర్క్యుమిన్ శాతం కూడా అడుగుతారు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఈ శాతాల మాట ఇక ముందు రైతుల నోట ఇంకా ఎక్కువ వినిపిస్తుందని నా అంచనా.

ఇప్పుడు చిన్న లెక్క. పాలలో కలిపే అర చెంచా పసుపు సుమారు గ్రామున్నర. 3 శాతం వేసుకుంటే అందులో కర్క్యుమిన్ 45 మిల్లీగ్రాములు. మందుల షాపులో అమ్మే 500 మిల్లీగ్రాముల మాత్ర "95 శాతం కర్క్యుమినాయిడ్లు" (కర్క్యుమిన్, దాని అన్నదమ్ముల్లాంటి పదార్థాలు కలిపి) అంటే 475 మిల్లీగ్రాములు. ఆ ఒక్క మాత్రకు సరిపడా పసుపు తినాలంటే దాదాపు 16 గ్రాములు, ఐదు చెంచాల పైమాటే. రోజుకు రెండు మాత్రలంటే పది చెంచాలు. ఏ అమ్మమ్మా కూరలో అంత పసుపు వేయలేదు. "తరతరాలుగా తింటున్నాం, ఏమీ కాలేదు" అనే మాట వంట పసుపుకు చెల్లుతుంది, మాత్రకు చెల్లదు.

పసుపు నుంచి కర్క్యుమిన్‌ను ఎలా విడదీస్తారు?

ముందు అది ఏ మొక్కో తేల్చుకోవాలి. నవ్వొచ్చే మాటలా ఉంటుంది గానీ, సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది. వంట పసుపు వేరు, కస్తూరి పసుపు వేరు. మానుపసుపైతే అసలు పసుపు కుటుంబమే కాదు, అడవిలో పాకే తీగ. దాని కాండంలో పసుపు రంగు బెర్బెరిన్‌ది. అందుకే మొక్క నమూనాను నొక్కి ఎండబెట్టి, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో పేరు ఖాయం చేయించుకుని, ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో నంబరు వేసి భద్రపరుస్తారు.

తర్వాత కొమ్ములు దంచి, పొడిని వడపోత కాగితం గొట్టంలో పోసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెడతారు. కింద బుడ్డిలో ఎసిటోన్ మరుగుతుంది. ఆవిరి పైకి వెళ్లి చల్లబడి, బొట్టుబొట్టుగా పొడి మీద పడుతుంది. గొట్టం నిండగానే మొత్తం ఒక్కసారిగా గుటకవేసినట్టు కిందికి జారుతుంది. మొదటి గుటకలు చిక్కటి నారింజ రంగులో ఉంటాయి. కొన్ని గంటల తర్వాత తెల్లటి నీళ్లలా దిగితే పొడిలో రంగు అయిపోయినట్టు. ఎసిటోన్‌ను ఎగరగొడితే అడుగున ముదురు ఎరుపు గోధుమ రంగు జిగురు మిగులుతుంది. వంటింటి వాసనే, కాకపోతే గది మొత్తం. ఆ వాసన కర్క్యుమిన్‌ది కాదు, టర్మెరోన్లు అనే నూనె పదార్థాలది.

అందులోంచి ఓ చుక్కను సిలికా పూసిన పలక మీద పెట్టి, క్లోరోఫాం, మెథనాల్ మిశ్రమంలో నిలబెడితే ద్రవం పైకి పాకుతూ రంగును మూడు చుక్కలుగా విడదీస్తుంది. అన్నిటికన్నా పైది కర్క్యుమిన్, దాని కింద డీమెథాక్సీ కర్క్యుమిన్, అడుగున బిస్‌డీమెథాక్సీ కర్క్యుమిన్. మూడూ అన్నదమ్ముల్లాంటివి. ఎంతెంత ఉన్నాయో పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం లెక్క చెబుతుంది, అవి అవేనా కాదా అన్నది అణువు బరువు, అమరిక చూసే మాస్ స్పెక్ట్రోమీటరు, ఎన్ఎంఆర్ తేలుస్తాయి.

నా మొదటి పలక సంగతి ఇప్పటికీ గుర్తు. మూడు చుక్కలూ ముత్యాల్లా వచ్చాయి. మేడమ్‌కు చూపించాలని కిటికీ గట్టున పెట్టి వెళ్లాను. మధ్యాహ్నమంతా ఎండ పడింది. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి లేత పసుపు మరకలే మిగిలాయి. "వెలుతురుకు కర్క్యుమిన్ నిలవదని పుస్తకంలో చదవలేదా?" అన్నారు. చదివాను. చూడటం అదే మొదటిసారి.

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, ఎందుకు?

ఇది అడిగిన పిల్లవాడికి నేను బాకీ ఉన్నాను. ఎందుకంటే పసుపు కథ మొత్తం ఇందులోనే ఉంది. సున్నం క్షారం. క్షారం తగలగానే కర్క్యుమిన్ అణువులోంచి హైడ్రోజన్ ఊడిపోతుంది, అది వెలుతురును పీల్చుకునే తీరు మారుతుంది, పసుపు కాస్తా ఎరుపవుతుంది. కాళ్లకు పెట్టే పారాణి, గుమ్మం దగ్గర కొత్త పెళ్లికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్లు, పసుపు కొమ్ములతో చేసే కుంకుమ, అన్నిటికీ మూలం ఇదే. పులుపు కలిపితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. నిమ్మరసంతో చేసి చూడండి.

అయితే క్షారంలో కర్క్యుమిన్ రంగు మార్చుకుని ఊరుకోదు, విరిగిపోతుంది కూడా. మన రక్తం కొద్దిగా క్షార గుణం ఉన్నదే. అంతే క్షారం ఉన్న ఉత్త ద్రావణంలో కర్క్యుమిన్ వేసి చూసిన ప్రయోగంలో అరగంటకే దాదాపు 90 శాతం విరిగిపోయింది. రక్తంలో ప్రొటీన్ల అండ ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని కింది ప్రశ్న చదవండి.

ల్యాబ్‌లో కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపిందంటారు. మరి మందుగా ఎందుకు రాలేదు?

గాజు పళ్లెంలోని కణాల మీద పోస్తే ఉప్పునీళ్లు కూడా క్యాన్సర్ కణాలను చంపుతాయి. పళ్లెంలో కణాలకు, మందుకు మధ్య అడ్డేమీ ఉండదు. ఒంట్లో పొట్ట, పేగు, కాలేయం, రక్తం అన్నీ దాటాలి. కర్క్యుమిన్ ఆ దారిలో ప్రతి మలుపులోనూ చిక్కుకుంటుంది.

నీళ్లలో కరగదు. పేగు గోడ దాటిన కొద్దిపాటి దాన్ని కూడా పేగు, కాలేయం వెంటనే పట్టుకుని, చక్కెర ముక్కో సల్ఫేటు ముక్కో తగిలించి బయటికి పంపేస్తాయి. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 24 మంది ఆరోగ్యవంతులకు అరగ్రాము నుంచి 12 గ్రాముల దాకా ఒకే మోతాదుగా ఇచ్చి రక్తం పరీక్షించారు. 8 గ్రాముల వరకు తీసుకున్న వాళ్లెవరి రక్తంలోనూ కర్క్యుమిన్ దొరకలేదు. 10, 12 గ్రాములు తీసుకున్నవాళ్లలో చెరొకరికి మాత్రం కొద్దిగా కనిపించింది. పరిశోధన పేపర్లలో "కణాలను చంపింది" అన్న మోతాదుకు ఇది ఏ మూలకూ రాదు.

ఇంకో తిరకాసు ఉంది, బయటివాళ్లకు అంతగా తెలియనిది. కర్క్యుమిన్ పరీక్షనే మోసం చేస్తుంది. అది దొరికిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటుంది. పైగా అతినీలలోహిత కాంతిలో దానంతటదే వెలుగుతుంది. నోట్లు పరీక్షించే దీపం కింద పసుపు నీళ్లు పెట్టి చూడండి, ఆకుపచ్చగా మెరుస్తాయి. ఇప్పుడు చాలా ల్యాబ్ పరీక్షలు వెలుగును కొలిచే "పనిచేసింది, చేయలేదు" అని చెబుతాయి. మందు పనిచేసినా వెలుగే, కర్క్యుమిన్ మెరిసినా వెలుగే. యంత్రానికి తేడా తెలియదు. ఏ జబ్బు మీద పరీక్షించినా "పనిచేస్తోంది" అని వచ్చే పదార్థాన్ని చూసి రసాయన శాస్త్రవేత్త సంబరపడడు, అనుమానపడతాడు.

2017లో అమెరికాకు చెందిన కొందరు ఔషధ రసాయన శాస్త్రవేత్తలు ఈ లెక్కలన్నీ ఒకచోట పెట్టారు. అప్పటికి కర్క్యుమిన్ మీద 120కి పైగా క్లినికల్ ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసే పరీక్షలు, జరిగాయి. రోగికీ డాక్టరుకీ ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన ట్రయల్స్‌లో నెగ్గింది ఒక్కటీ లేదని తేల్చారు. దీన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. మరోపక్క, ఈ రంగంలో బాగా పేరు పడ్డ ఒక ప్రయోగశాల నుంచి వచ్చిన పేపర్లను, బొమ్మలు మార్చారన్న కారణంగా జర్నల్స్ పెద్ద సంఖ్యలో వెనక్కి తీసుకున్నాయి. వాటిని నమ్మి తర్వాత ప్రయోగాలు మొదలుపెట్టిన విద్యార్థుల ఏళ్లు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

మిరియాలు కలిపితే 2000 శాతం ఎక్కువ ఒంటపడుతుందట, నిజమేనా?

ఆ అంకె నిజంగానే ఉంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చారు. దాదాపు సున్నా ఉన్నది ఇరవై రెట్లు పెరిగినా కొంచెమే అవుతుందన్న మాట మాత్రం ప్రకటనల్లో రాయరు.

పైపెరిన్ చేసేదేమిటంటే, కాలేయం, పేగు చెత్త ఊడ్చే పనిని నెమ్మదిస్తుంది. కర్క్యుమిన్‌ను ఒక్కదాన్నే వదిలిపెట్టి మిగతావాటిని ఊడ్చెయ్యమని దానికి ఎవరూ చెప్పరు కదా. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్, ఇవన్నీ దానివల్ల రక్తంలో పెరుగుతాయి. ఈ గుణాన్నే తెలివిగా వాడుకుని, జమ్మూలోని సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి) సంస్థ పరిశోధనతో, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్‌ను తక్కువ మోతాదులో పైపెరిన్‌తో కలిపిన మాత్ర మన దేశంలో వచ్చింది. చారులో వేసే మిరియాలతో బెంగ లేదు. మాత్రలో ఉండే మిరియాల సారం దగ్గరే జాగ్రత్త పడాలి, మీరు వేసుకునే మందుల చీటీ డాక్టరుకు చూపించి అడగండి.

అయితే పసుపు వల్ల లాభమే లేదంటారా?

అలా అనలేదు. మోకాళ్ల నొప్పుల విషయంలో కొంత ఆధారం ఉంది. 2014లో థాయిలాండ్‌లో 367 మంది మీద చేసిన అధ్యయనంలో, నాలుగు వారాలు పసుపు సారం వాడినవాళ్లకు నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ వాడినవాళ్లతో సమానంగా నొప్పి తగ్గింది, పొట్ట బాధలు తక్కువ ఉన్నాయి. అక్కడే అజీర్తి మీద చేసి 2023లో అచ్చయిన ట్రయల్‌లో కర్క్యుమిన్ ఎసిడిటీ మందు ఒమెప్రజోల్‌కు దీటుగా నిలిచింది. ఈ రెండింటిలోనూ ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జట్టు లేదు, అది లోటే. అల్జీమర్స్ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు, మనుషుల్లో చేసిన చిన్న ట్రయల్స్‌లో తేడా కనిపించలేదు. షుగరు, కొలెస్టరాల్ మీద చిన్నచిన్న అధ్యయనాలు చాలా వచ్చాయి, నాకైతే వాటి మీద డాక్టరు ఇచ్చిన మాత్ర మానేసేంత నమ్మకం లేదు.

మన హైదరాబాద్‌లో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో చేసిన పని ఒకటి చెప్పాలి. 1992లో అచ్చయింది. బాగా సిగరెట్లు కాల్చే 16 మందికి రోజుకు గ్రామున్నర పసుపు చొప్పున నెల రోజులు ఇచ్చారు. కాల్చేవాళ్ల మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు పోతుంటాయి. అవి తగ్గాయి. గ్రామున్నర అంటే మనం మామూలుగా తినగలిగిన మోతాదే, అందుకే నాకు ఈ అధ్యయనం అంటే ఇష్టం. కానీ మూత్రంలో ఆ పదార్థాలు తగ్గడం ఒకటి, క్యాన్సర్ రాకపోవడం ఇంకొకటి. దీన్ని పట్టుకుని "పసుపు తింటూ సిగరెట్ కాల్చొచ్చు" అని మా మేనమామ ఒకాయన సిద్ధాంతం చేశాడు. ఆయనకు చెప్పి చెప్పి అలిసిపోయాం.

మొక్కల నుంచి నిజంగా మందులు వచ్చాయా?

బోలెడు. నల్లమందు నుంచి మార్ఫిన్, సింకోనా బెరడు నుంచి 1820లో క్వినైన్, సర్పగంధ వేరు నుంచి 1952లో బీపీకి రిసర్పిన్.

నాకు బాగా నచ్చేది ఆర్టెమిసినిన్ కథ. చైనాలో తు యోయో బృందం మలేరియాకు పాత వైద్య గ్రంథాలు వెతుకుతూ ఒక్కో మొక్కా పరీక్షిస్తోంది. ఒక రకం మాచిపత్రి జాతి మొక్క ఓసారి పనిచేస్తుంది, ఓసారి చేయదు. పదహారు వందల ఏళ్ల నాటి గ్రంథంలో ఆకును చల్లటి నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది, కాచమని లేదు. వేడికి మందు పాడవుతోందేమోనని ఆవిడకు తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణిచింది. 2015లో నోబెల్ వచ్చింది. పాత గ్రంథం దారి చూపింది, అయితే అంతకుముందు 190 నమూనాలు పనికిరాలేదని రాసి పెట్టుకున్న నోటుబుక్కూ ఉంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇంకా చిత్రమైనది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని రవ్వంత తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసే పని లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం సాధించింది. రక్తహీనతకు మంచి మందు. అయితే ఆ కుటుంబానికి చెందిన పదార్థాలను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చినప్పుడు జబ్బు ఇంకా ముదిరినట్టు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించాడు. దాంతో తలకిందులుగా ఆలోచించి, ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే పదార్థాలను సుబ్బారావు బృందం దగ్గర తీసుకుని ఇచ్చాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈనాటికీ వాడుతున్న క్యాన్సర్ మందు మెథొట్రెక్సేట్ ఆ దారిలో వచ్చిందే. ఆకుకూరలోని మంచి పదార్థం ఒకరికి మందు, ఇంకొకరికి ఆజ్యం.

షుగర్‌కు బిళ్ళగన్నేరు ఆకు నమలొచ్చా?

వద్దు. ఈ మాట మెత్తగా చెప్పను. 1950ల్లో కెనడా శాస్త్రవేత్తలు కూడా షుగర్‌కు పనిచేస్తుందేమోనని ఆ ఆకు సారాన్ని ఎలుకలకు ఇచ్చారు. షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ సంగతి పట్టుకుని వెళ్తే విన్‌బ్లాస్టిన్ దొరికింది, అమెరికా కంపెనీ ఒకటి విన్‌క్రిస్టిన్ తీసింది. రెండూ క్యాన్సర్ మందులు. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ కోసం వందల కిలోల ఎండు ఆకు కావాలి. పిల్లల రక్త క్యాన్సర్‌లో డాక్టర్లు మిల్లీగ్రాముల్లో తూచి, రక్తపరీక్షలు చేస్తూ ఎక్కించే పదార్థం ఉన్న ఆకును పొద్దున్నే పరగడుపున నమలడమేమిటి?

సహజమైనది కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఎలా ఉంటాయి?

అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదు చేసే బృందం 2022లో పసుపు మాత్రల వల్ల వచ్చిన 10 కేసుల వివరాలు ఇచ్చింది. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు కాలేయం పూర్తిగా చెడిపోయి చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ బీ 35:01 అనే ఒకే రకం జన్యువు ఉంది. అంటే అందరికీ కాదు, కొందరి ఒంటికి పడదు. ఎవరికి పడదో ముందుగా తెలియదు. ఇటలీలోనూ 2019లో ఇలాంటి కేసులు వరసగా బయటపడ్డాయి. మాత్రలు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ దగ్గర్లో ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రల జోలికి వెళ్లకపోవడమే మంచిది. కూరలో పసుపు సంగతి వేరు.

పసుపులో సీసం కలుపుతున్నారట?

రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న పసుపు రంగు పొడి కలపడం జరిగిన మాట నిజం. బంగ్లాదేశ్‌లో పరిశోధకులు మూలం దాకా వెళ్లి, కొమ్ములు పాలిష్ పట్టే మిల్లుల్లో ఆ పొడి వాడుతున్నారని బయటపెట్టారు. ప్రభుత్వం దాడులు చేసి, పత్రికల్లో ప్రచారం చేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం కల్తీవి ఉంటే, 2021కి ఒక్కటీ లేకుండా పోయింది. తలుచుకుంటే అవుతుందన్నమాట. సీసం పిల్లల మెదడు మీద దెబ్బకొడుతుంది. ఇంట్లో గ్లాసు నీళ్లలో వేసి చూసే పరీక్షలతో సీసం ఉందో లేదో తేలదు. మరీ నిగనిగలాడే పసుపును అనుమానించండి. వీలైతే తెలిసిన రైతు దగ్గర పాలిష్ పట్టని కొమ్ములు కొని, దగ్గరుండి మర పట్టించుకోండి.

పసుపు మీద అమెరికావాళ్లు పేటెంట్ తీసుకున్నారట?

తీసుకున్నారు, పోగొట్టుకున్నారు. 1995లో మిస్సిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ వచ్చింది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం కొత్త ఆవిష్కరణట! అప్పటి సీఎస్ఐఆర్ అధిపతి మాషేల్కర్ ఆధ్వర్యంలో మనవాళ్లు సవాలు చేశారు. "మా అమ్మమ్మ చెప్పింది" అంటే పేటెంట్ ఆఫీసు వినదు, రాతలో ఉండాలి. పాత సంస్కృత గ్రంథాలు, 1953 నాటి భారత వైద్య సంఘం జర్నల్ పేపరు తీసి చూపించారు. 1997లో రద్దయింది. ఈ అనుభవంతోనే 2001లో మన సంప్రదాయ వైద్య విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా పోగుచేయడం మొదలుపెట్టారు.

"శాస్త్రవేత్తలు నిరూపించారు" అని వాట్సాప్‌లో వస్తే ఎలా తేల్చుకోవాలి?

దేని మీద నిరూపించారు అని అడగండి. కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? మనుషులైతే ఎంతమంది, ఎన్నాళ్లు, దేనితో పోల్చారు? తగ్గింది జబ్బా, రక్తపరీక్షలో ఒక అంకేనా? డబ్బు పెట్టింది ఆ మాత్ర అమ్మే కంపెనీయేనా? మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను సీటీఆర్ఐ అనే ప్రభుత్వ నమోదు వెబ్‌సైటులో ముందే నమోదు చేయాలి. 2009 నుంచి అది తప్పనిసరి. అక్కడ "ఇది కొలుస్తాం" అని రాసి, పేపర్లో ఇంకోటి కొలిచి గెలిచామంటే ఆ గెలుపు లెక్కలోకి రాదు.

ఆయుర్వేద మందుకూ, మీరు చెప్పే దానికీ తేడా ఏమిటి?

చట్టం దృష్టిలో రెండూ వేరు దారులు. ఆయుర్వేద మందు శాస్త్ర గ్రంథాల్లోని యోగం (మందు కూర్పు) ప్రకారం తయారవుతుంది. మొక్క సారాన్ని శుద్ధి చేసి, అందులో కనీసం నాలుగు పదార్థాల కొలత చూపించి, అల్లోపతి మందులాగే ట్రయల్స్ చేసి ఆమోదం తెచ్చుకునే దారిని 2015లో మన ప్రభుత్వం తెరిచింది. వాటిని ఫైటోఫార్మాస్యూటికల్ అంటారు. కష్టమైన దారి, ఖర్చుతో కూడుకున్నది. మాత్రల షాపుల్లో కనిపించే కర్క్యుమిన్ డబ్బాలు చాలావరకు ఈ రెండూ కావు, ఆహార సప్లిమెంటు పేరుతో వస్తాయి. జబ్బు తగ్గుతుందని రాసే హక్కు వాటికి లేదు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి.

మా అమ్మాయికి ఈ రంగమంటే ఇష్టం. ఏం చదవాలి?

బీఫార్మసీలో ఫార్మకాగ్నసీ ఒక సబ్జెక్టుగా ఉంటుంది, ఎంఫార్మసీలో అదే ప్రత్యేకంగా చేయొచ్చు. కెమిస్ట్రీ ఇష్టమైతే ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి, నేచురల్ ప్రొడక్ట్స్ మీద పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), నైపర్ (ఫార్మసీ విద్యా సంస్థ), జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. ఓపిక ఉండాలి. సారాలు తీయడం నెలల పని, అందులో ఎక్కువ రోజులు "ఏమీ రాలేదు" అని రాసుకోవడమే.

కూరలో కర్క్యుమిన్ పోకుండా ఎలా వండాలి?

మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ 2007లో దీన్ని కొలిచింది. వండితే 27 నుంచి 53 శాతం దాకా పోతోంది, కుక్కర్లో పది నిమిషాలు ఉడికిస్తే ఎక్కువ పోతోంది. అదే చింతపండు ఉంటే నష్టం 12 నుంచి 30 శాతమే. క్షారంలో విరిగేది పులుపులో నిలుస్తుంది, పైన సున్నం ప్రశ్నలో చెప్పిన సంగతే. నూనెలో కరుగుతుంది కాబట్టి పోపులో వేయడమూ మంచిదే. అంటే వంకాయ పులుసు వండే పద్ధతి మార్చక్కర్లేదు.

తెల్లచొక్కా మీద పసుపు మరక పడింది, సబ్బు పెడితే ఎర్రబడింది. పోయినట్టేనా?

పోలేదు, కంగారు పడకండి. సబ్బు క్షారం కాబట్టి పారాణి అయింది, అంతే. బాగా జాడించి మంచి ఎండలో ఆరేయండి. ఒక్కరోజులో పోకపోతే రెండో రోజూ ఆరేయండి. నా పలకకు పట్టిన గతే దానికీ పడుతుంది.